చింతపల్లి చలిలో మా కోళ్లగూడు

దీపావళి వెళ్లిందంటే చాలు, మా చింతపల్లిలో చలి మొదలయ్యేది. పక్కనున్న లంబసింగికి ఇప్పుడు జనం మంచు చూడ్డానికి కార్లేసుకుని వస్తున్నారు. 1980ల్లో ఆ మంచు చూడ్డానికి వచ్చేవాళ్లే లేరు. పొద్దెక్కినా ఎదురింటి పెంకులు కనిపించేవి కావు. ఆ చలికి మేం నెగడు దగ్గర కూచునేవాళ్లం. మరి కోళ్ల సంగతో? మా మామ్మకి పొద్దున లేస్తే మొదటి చింత అదే.

పాత గూడు నేలమీదే ఉండేది. వెదురు దడి, పైన గడ్డి కప్పు. తుఫాను వానలకి నేల చెమ్మ పట్టి, పుష్యమాసం వచ్చేసరికి కోళ్లు ముడుచుకుని తూగుతుండేవి. ఒక ఏడు కోతలయ్యాక నాన్న కొత్త గూడు కట్టడానికి పూనుకున్నారు. నాలుగు గుంజలు పాతి, మోకాలెత్తున చెక్కలు పరిచారు. దడికి లోపలా బయటా పేడ కలిపిన మట్టి మెత్తారు. తలుపు ఈదురుగాలి కొట్టని వైపు పెట్టారు. కప్పు కింద ఖాళీ కనబడితే గోనెసంచులు కుక్కబోయారు. మామ్మ ఒప్పుకోలేదు.

"అది ముయ్యకురా. గాలాడకపోతే కోడి బతుకుద్దేటి?" అంది.

ఆమె బడికెళ్లి చదువుకున్నది కాదు గానీ, ఆ మాట అక్షరాలా నిజం. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. ఈకలు పొడిగా ఉంటే ఆ వేడి వాటిలోనే నిలుస్తుంది. రాత్రంతా కోళ్ల ఊపిరితోనూ రెట్టతోనూ గూట్లో తేమ చేరుతుంది. అది పైనుంచి పోయే దారి లేకపోతే ఈకలు చెమ్మగిల్లుతాయి, రెట్టలోంచి వచ్చే ఘాటుకి కళ్లూ ఊపిరితిత్తులూ చెడతాయి. గాలి కోడి తలకి పైన ఆడాలి, ఒంటికి కొట్టకూడదు. కింద వరి ఊక మందంగా పోసి, అది తడిసినప్పుడల్లా ఎత్తి ఆనపపాదుకి వేసేవాళ్లం.

సంక్రాంతి ముందు ఎర్రపెట్ట పొదుగుకొచ్చింది. దగ్గరికెళ్తే ఈకలు రిక్కించి కుర్రుకుర్రుమనేది. మామ్మ పాత గంపలో బూడిదా ఎండుగడ్డీ వేసి, వారం దాటని గుడ్లు ఏరి పెట్టింది. చలికాలం కాబట్టి పెట్ట రెక్కల కింద పూర్తిగా ఇమిడినన్నే పెట్టింది. అంచుకి పోయిన గుడ్డు చల్లబడి పాడవుతుంది. వారం తిరిగాక చీకటిగదిలో టార్చిలైటు మీద గుడ్డు ఆనించి నాకు చూపించింది. లోపల సన్నటి ఎర్రనరాలు సాలెగూడులా అల్లుకుని, నడుమ నల్లచుక్క కదులుతోంది. నరాల్లేని గుడ్లు పక్కన పెట్టేసింది.

పెట్ట రోజుకోసారి మాత్రమే దిగేది. గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, మళ్లీ ఎక్కేది. ముక్కుతో గుడ్లు దొర్లించి అంచువి లోపలికీ లోపలివి అంచుకీ మార్చేది.

సరిగ్గా ఇరవై ఒకటో రోజున ఒక గుడ్డుకి చిన్న పగులు. లోపల్నుంచి కిచకిచ. పెంకు ఒలిచి సాయం చేద్దామని నా ఆరాటం. మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. పగులు పడ్డాక కూడా పిల్ల గంటల తరబడి ఆగుతుంది. పొరలోని రక్తం ఒంట్లోకి పోవాలి, మిగిలిన పచ్చసొన కడుపులోకి వెళ్లాలి. ఆ సొనతోనే పిల్ల రెండు రోజులు మేత లేకుండా ఉండగలదు. ఈలోపు పెంకు లాగితే నెత్తురు కారి చస్తుంది.

సాయంత్రానికి పసుపు ముద్దలు ఒక్కొక్కటే తల్లి రెక్కల కింద నుంచి తలలు బయటపెట్టాయి. తర్వాత వాటికి నూకలు చల్లాం. కుండలో పేడా గడ్డీ కూరి పుట్ట దగ్గర బోర్లించి, పట్టిన చెదలు తెచ్చి వేశాం. ఆ ఏడు చలికి ఒక్క పిల్లా చావలేదు.

పెరట్లో కోళ్లు పెంచాలనుకునేవాళ్లకి నా మాట ఒకటే. బల్బూ హీటరూ కొనేముందు గూటి నేల పొడిగా ఉందా, కప్పు కింద గాలికి దారుందా చూడండి. కొక్కెర తెగులుకి టీకా వేయించండి. గుడ్లు పొదిగే పని మాత్రం తల్లికే వదిలేయండి, ఆ పని దానికి తెలిసినంత మనకి తెలియదు.