బృహద్ధమని కవాట సంకీర్ణత

గుండెలోని ఎడమ జఠరికకు, శరీరమంతటికీ రక్తాన్ని కొనిపోయే బృహద్ధమనికి నడుమ ఒక కవాటం ఉంటుంది. మూడు పలుచని రెక్కలు గల ఈ కవాటం రోజుకు సుమారు లక్షసార్లు తెరుచుకొని మూసుకుంటుంది. పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని వైశాల్యం 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు. ఆ ద్వారం ఇరుకవడమే బృహద్ధమని కవాట సంకీర్ణత.

దీనికి ముఖ్యకారణాలు మూడు. వయసు పైబడినవారిలో కవాటపు రెక్కలపై కాల్సియం లవణాలు పేరుకొని అవి బిరుసెక్కుతాయి. పాలు, పెరుగు మానినంత మాత్రాన ఇది ఆగదు. నూటికి ఒకరిద్దరిలో పుట్టుకతోనే మూడుకు బదులు రెండే రెక్కలుంటాయి. అటువంటి కవాటం పది, ఇరవై ఏళ్ళు ముందుగానే గట్టిపడుతుంది. మూడవది, చిన్ననాటి గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం. మన దేశంలో అది ఇంకా సమసిపోలేదు.

ద్వారం ఇరుకైనకొద్దీ ఎడమ జఠరిక మరింత బలంగా రక్తాన్ని నెట్టవలసి వస్తుంది. దాని గోడలు మందమవుతాయి. ఆ శ్రమతోనే అది కొన్నేళ్ళపాటు ఏ బాధా తెలియనివ్వదు. వైశాల్యం 1 చదరపు సెంటీమీటరుకు తగ్గితే వ్యాధి తీవ్రమైనట్లే. అప్పుడు నడిస్తే ఆయాసం, ఛాతీలో నొప్పి, శ్రమపడినప్పుడు సొమ్మసిల్లడం కనిపిస్తాయి. ఈ లక్షణాలు మొదలయ్యాక కవాటాన్ని మార్చకపోతే, చాలామంది రెండు నుంచి అయిదేళ్ళకు మించి జీవించరు.

నా వైద్యవృత్తిలో తరచు ఎదురైన చిక్కు ఒకటుంది. ఒక పెద్దాయన, “నాకేం ఆయాసం లేదు డాక్టరుగారూ” అన్నారు. వెంటవచ్చిన కోడలు మెల్లగా, “మామయ్యగారు ఆరు నెలలుగా చేనికి వెళ్ళడం మానేశారండీ” అన్నది. నడక మానినవారికి ఆయాసం ఎలా తెలుస్తుంది? ఆయన వయసుకు తలవంచారనుకున్నారు. నిజానికి తలవంచింది ఇరుకైన కవాటానికి. వినికిడి గొట్టం పెట్టగానే మర్మరధ్వని స్పష్టంగా వినిపించింది.

ఈ సంకీర్ణతను ఆపే మందు నేటికీ లేదు. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్లు కూడా దీని వేగాన్ని తగ్గించలేకపోయాయి. కవాటాన్ని మార్చడమే చికిత్స. ఛాతీ తెరిచి చేసే శస్త్రచికిత్సకు తోడు, తొడలోని ధమని గుండా కొత్త కవాటాన్ని అమర్చే పద్ధతీ ఉంది. దానికి మార్గదర్శకుడైన ఫ్రాన్సు వైద్యుడు అలెన్ క్రిబియే 2002లో మొదటిసారి కవాటాన్ని శస్త్రచికిత్స లేకుండా మనిషిలో అమర్చారు.

మీ ఇంట్లో అరవై అయిదు దాటినవారు ఉంటే, “ఆయాసంగా ఉందా?” అని మాత్రమే అడగకండి. “పోయిన ఏడాది చేసే పనుల్లో ఇప్పుడు ఏవి మానేశారు?” అని అడగండి. జవాబు సందేహం కలిగిస్తే వైద్యుని చేత గుండె వినిపించి, అవసరమైతే ఎకోకార్డియోగ్రామ్ చేయించండి. సకాలంలో గుర్తించిన సంకీర్ణతకు నేడు మంచి చికిత్స ఉంది.