రోడ్లు ఊడ్చేవాళ్లు ఆపిన నగరం



పరాయి సైన్యంతో పోరాటమంటే అడవి, తుపాకీ అనే అనుకునేవాళ్లం. ఆమ్‌స్టర్‌డామ్ సమ్మె గురించి చదివాక ఆ ఆలోచన మారింది.

1941 నాటికి నెదర్లాండ్స్ హిట్లర్ సైన్యం చేతిలో ఉంది. ఫిబ్రవరి 22, 23 తేదీల్లో యూదుల పేట మీద పడి నాలుగు వందల మందికి పైగా యువకుల్ని పట్టుకుపోయారు. అది చూసి ఇద్దరు మున్సిపల్ కార్మికులు ఊరుకోలేకపోయారు. విలెం క్రాన్ రోడ్లు వేసేవాడు, పీట్ నాక్ వీధులు ఊడ్చేవాడు. ఇద్దరూ కమ్యూనిస్టులే. 24న తోటి కార్మికులతో మీటింగ్ పెట్టారు. నిషేధంలో ఉన్న వాళ్ల పార్టీ దొంగచాటుగా కరపత్రాలు పంచింది. 25న ట్రాములు ఆగాయి, ఓడరేవు ఆగింది. మర్నాడు చుట్టుపక్కల ఊళ్లూ కలిశాయి. నాజీలు కాల్పులు జరిపి సమ్మెను అణచేశారు.

పట్టుకుపోయినవాళ్లలో దాదాపు ఎవరూ తిరిగి రాలేదు. 1942లో క్రాన్‌ను కాల్చి చంపారు. యుద్ధం ముగిసేలోగా ఆ దేశపు యూదులు లక్ష మందికి పైగా హతమయ్యారు.

మరి సమ్మె వల్ల ఏం ఒరిగింది? మా రూంలో రాత్రంతా ఇదే వాదన. చివరికి ఒక మాట దగ్గర అందరం ఆగాం: సమ్మె చేసినవాళ్లలో ఎక్కువమంది యూదులు కారు.

మనమేమో మన గూడేనికి, మన తెగకు దెబ్బ తగిలితేనే కదులుతున్నాం. పక్క తెగ సంగతి వాళ్ల సంఘం చూసుకుంటుందిలే అంటున్నాం. ఆ వీధులూడ్చే మనిషి అలా అనుకోలేదు.