మెటలర్జీ తీసుకోనా అన్నయ్యా?

నేను ఇంజినీరింగ్‌లో చదివింది మెటలర్జీ. ఇప్పుడు చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. క్యాంపస్‌లో మొదట వచ్చిన ఆఫర్ అదే. ఇంట్లో అప్పులున్నాయి, చేరిపోయాను. దానికి చింతేమీ లేదు. కానీ విమానం ఎక్కిన ప్రతిసారీ నా చూపు మాత్రం రెక్క కింద ఉన్న ఇంజిన్ మీదికే పోతుంది.

ఎందుకో చెబుతాను. నికెల్ 1455 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పెద్ద జెట్ ఇంజిన్లలో టర్బైన్ ముందువరస బ్లేడ్లను తాకే వాయువుల వేడి అంతకంటే ఎక్కువే. ఆ బ్లేడ్లేమో నికెల్ మిశ్రమంతో చేసినవి! లోపల సన్నటి గాలి దారులు, పైన సిరామిక్ పూత వాటిని కాపాడుతుంటాయి. అయినా అంత వేడిలో, నిమిషానికి వేలసార్లు తిరుగుతుంటే లోహం విరక్కపోయినా మెల్లగా సాగుతుంది. దీన్నే 'క్రీప్' అంటాం.

ఆ సాగుడుకి అడ్డం పడేవి లోపలుండే బుల్లి ఘనాలు. నికెల్, అల్యూమినియం కలిసి ఏర్పడే ఈ 'గామా ప్రైమ్' ఘనం ఒక్కోటి మిల్లీమీటరులో దాదాపు రెండువేలో వంతు ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే గోడలో ఇటుకలు పేర్చినట్టే ఉంటాయి. వేడెక్కితే లోహాలు మెత్తబడతాయి కదా, ఇవి సుమారు 700 డిగ్రీల దాకా ఇంకా గట్టిపడతాయి! పైగా మామూలు లోహం ఎన్నో చిన్న స్ఫటికాల ముద్ద. ఆ వేడిలో వాటి మధ్య అతుకులే బలహీనం. అందుకే బ్లేడు మొత్తాన్నీ ఒకే స్ఫటికంగా పోతపోస్తారు. కొద్ది దేశాలకే వచ్చిన విద్య ఇది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్ ఇలాంటివి తయారుచేసింది. 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 బ్లేడ్లు హెచ్‌ఏఎల్‌కు అందాయి.

మొన్న కౌన్సెలింగ్ టైములో చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, మంచి కాలేజీలో మెటలర్జీ వచ్చేలా ఉంది. తీసుకోనా?"

వెనక నుంచి చిన్నాన్న గొంతు: "వాడే అది వదిలేసి సాఫ్ట్‌వేర్‌లో చేరాడు కదే, వాడినేం అడుగుతావ్!"

ఆయన మాటలో అబద్ధం లేదు. అందుకే తీపి కబుర్లు చెప్పలేదు. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఉద్యోగాలు తక్కువ, పరిశోధన వైపు వెళ్లాలంటే ఎంటెక్, పీహెచ్‌డీ దాకా చదవాలి అన్నాను. బ్లేడ్ల సంగతీ చెప్పాను. అరగంట ప్రశ్నలు వేసింది. జీతం గురించి ఒక్కటే. మిగతావన్నీ ఆ ఘనాల గురించే.

తర్వాత చిన్నాన్నకి విడిగా ఫోన్ చేశాను. "నాకప్పుడు అప్పు తీర్చే తొందర ఉంది. దానికి ఆ తొందర లేకుండా నువ్వు చూడగలిగితే చదవనివ్వు చిన్నాన్నా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆలోచిస్తాలే" అన్నాడు.

ఆప్షన్లు పెట్టడానికి ఇంకా రెండు రోజులు టైముంది.