నంద్యాల – ఆళ్ళగడ్డ బాటలో పాత బండ్లు

ఫజ్ర్ నమాజు ముగించుకుని జనం మస్జిద్ మెట్లు దిగే వేళకే నంద్యాల వీధుల్లో డీజిల్ ఇంజన్ల చప్పుడు మొదలవుతుంది. పాల క్యాన్లు, కూరగాయల గంపలు, మహానంది వైపు తోటల నుంచి అరటి గెలలు, మిల్లులకు వెళ్ళే వడ్ల బస్తాలు – అన్నిటినీ మోసేవి నాలుగు చక్రాల చిన్న బండ్లే. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది పారే నల్లరేగడి నేల. వాన కురిస్తే ఆ మట్టి జిగటగా మారి చక్రాన్ని పట్టుకుని వదలదు. అటువంటి నేలలో పొలం గట్టు దాకా దిగి, సరుకు ఎత్తుకుని, మళ్ళీ రోడ్డెక్కగల బండికే ఇక్కడ మర్యాద.

బండి ఏ కాలానిదో తెలుసుకోవడానికి యజమానిని అడగనక్కరలేదు. నంబరు పలకే చెబుతుంది. 'ఏపీ 21' అంటే ఉమ్మడి కర్నూలు జిల్లా నాటిది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ 'ఏపీ 39' వరుస వచ్చింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఏలుబడి సరిహద్దులు మారినా, 21 నంబరు వేసుకున్న జీపులు, పికప్‌లు మార్కెట్ యార్డు చుట్టూ, బస్టాండు వెనుక సందుల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. కొన్నింటి రంగు ఏదో వాటి యజమాని కూడా నిశ్చయంగా చెప్పలేడు.

ఈ బండ్ల వంశకథలో మన పాఠకులకు ఆసక్తి కలిగించే ఒక మలుపు ఉంది. 1945లో పంజాబులోని లూధియానాలో ఉక్కు వ్యాపారం కోసం ఒక సంస్థ మొదలైంది. దాని పేరు 'మహీంద్రా అండ్ మొహమ్మద్'. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా సోదరులతో కలిసి దానిని స్థాపించినవారు అలీగఢ్‌లో చదువుకున్న మలిక్ గులాం మొహమ్మద్. దేశ విభజన తరువాత ఆయన పాకిస్తాన్ వెళ్ళి ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి అయ్యారు, అనంతరం గవర్నర్ జనరల్ పదవినీ చేపట్టారు. ఇక్కడ 1948లో సంస్థ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారింది. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికులను మోసిన విల్లీస్ జీపును మన దేశంలో బిగించి అమ్మడం మొదలుపెట్టినది ఈ సంస్థే. నేడు నంద్యాలలో శనగ బస్తాలు మోస్తున్న బొలెరో పికప్‌కు ఆ జీపు తాత వరుస అవుతుంది. 1986లో వచ్చిన టాటా 407, ఆ తరువాత వచ్చిన 207 పికప్ మరో వంశానికి చెందినవి. ఈ రెండింటిలో ఏది మేలన్న వాదం షెడ్డుల దగ్గర ఎన్నడూ తెగదు, తెగాలని ఎవరూ కోరుకోరు కూడా.

తాత నుంచి మనుమడికి సంక్రమించినది బండి కట్టుబడి. కింద నిచ్చెన వంటి ఉక్కు ఛాసిస్, దానిపై విడిగా బిగించిన క్యాబిన్, వెనుక సరుకు బాడీ. క్యాబిన్ తుప్పుపట్టినా, బాడీ చెక్కలు విరిగినా ఛాసిస్ గట్టిగా ఉంటే బండి బతికి ఉన్నట్లే లెక్క. వెనుక ఇరుసును మోసేవి ఒకదానిపై ఒకటి పేర్చిన కమాన్ పట్టీలు. ఒక పట్టీ విరిగితే మిగిలినవి బరువును పంచుకుంటాయి. డ్రైవరు నెమ్మదిగా షెడ్డు దాకా వస్తాడు, కమాన్ల మేస్త్రీ విరిగిన పట్టీ తీసి కొత్తది వేస్తాడు, మధ్యాహ్నానికి బండి తిరిగి బాడుగకు వెళుతుంది.

ఇంజన్ సంగతి ఇంకా విశేషమైనది. ఎనభయ్యవ దశకంలో జీపులకు ఫ్రాన్స్ దేశపు ప్యూజో డీజిల్ ఇంజన్ వచ్చింది. తరువాతి కాలపు బండ్లలో 2523 సీసీల డీఐ ఇంజన్ విరివిగా కనిపిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వతో పని లేదు. సిలిండరులోని గాలిని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది. నొక్కుడుకే గాలి కాలిపోయేంత వేడెక్కుతుంది. ఆ క్షణాన నాజిల్ గుండా డీజిల్ తుంపర పడితే తనంతట తానే మండుతుంది. పాత బండ్లలో ఆ తుంపరను పంపేది పూర్తిగా ఇనుప పళ్ళచక్రాలతో తిరిగే పంపు. దానికి కంప్యూటరు ఆజ్ఞ అవసరం లేదు. బ్యాటరీ చచ్చిన బండిని నలుగురు కలిసి తోసి, గేరులో వేసి క్లచ్ వదిలితే ఇంజన్ అందుకుంటుంది. ఇక లైట్లు వెలగకపోవచ్చు గానీ బండి పట్టపగలు ఇంటికి చేరుతుంది.

రోగం కూడా దాచుకోదు. పొగగొట్టం నుంచి నల్లని పొగ వస్తే డీజిల్ సరిగా కాలడం లేదని, నీలి పొగ వస్తే రింగులు అరిగి ఆయిల్ మండుతోందని, ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లని పొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలని షెడ్డులో పన్నెండేళ్ళు గడిపిన ఉస్తాద్ చెప్పకముందే చూసేవారికి తెలిసిపోతుంది. ఆయన పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి చేర్చి వింటాడు. "గాడీ బోల్తీ, కాన్ లగా" అని పక్కనున్న కుర్రవాడి చేతికి అందిస్తాడు. డాక్టరు స్టెతస్కోపు చేసే పని అదే.

నంద్యాల నుంచి కడప దారిలో ఆళ్ళగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. లోగడ 18వ నంబరు, ఇప్పుడు 40వ నంబరు జాతీయ రహదారి ఇది. నడుమ శిరివెళ్ళ దగ్గర టీ కొట్టు ముందు ఆగిన పికప్ యజమానితో మాట కలిసింది. బండి ఆయనదే, నడిపేదీ ఆయనే. పదేళ్ళు దాటిన బండి. కొత్తది తీసుకోవచ్చు కదా అని అడిగాను.

"తీసుకోవచ్చు భాయ్ సాబ్. షోరూమువాళ్ళే ఇంటికొస్తారు, సంతకం పెడితే చాలంటారు. కానీ బండి నిలబడిన రోజున కూడా వడ్డీ నిలబడదు కదా" అన్నాడాయన.

పాత బండ్ల మన్నిక వెనుక ఉన్న అసలు విషయం ఆ ఒక్క మాటలో ఉంది. ఈ ప్రాంతంలో బాడుగలు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. శనగ, వరి కోతలప్పుడు రాత్రింబగళ్ళు తిరిగే బండి, ఎండాకాలంలో వారాల తరబడి వేపచెట్టు కింద నిలుస్తుంది. ఫైనాన్స్ బండి అయితే నిలిచిన నెలకూ కిస్తీ కట్టవలసిందే. ఆ కిస్తీ కోసం డ్రైవరు నిద్ర మానుకుంటాడు, మోయరాని బరువు ఎక్కిస్తాడు, చివరికి బండి పోగొట్టుకున్నా అప్పు మిగులుతుంది. వడ్డీ హరామ్ అని నమ్మే కుటుంబానికి ఈ చిక్కు రెండింతలు. అందుకే చేతిలోని సొమ్ము, ఇంటి ఆడవారి బంగారం, బంధువులు ఇచ్చే చేబదులు కలిపి రొక్కానికి పాత బండి కొంటారు. అది నిలబడితే నిలబడుతుంది. దాని మీద ఎవరికీ బాకీ లేదు. మన ఇళ్ళలో స్త్రీలు గాజులు తీసి ఇచ్చేటప్పుడు ఇంజన్ సీసీలు అడగరు. "రోడ్డు మీద ఆగిపోదు కదా?" అన్నదొక్కటే అడుగుతారు. అమ్మేవాడు మీటరు వెనక్కి తిప్పకుండా, అతికిన ఛాసిస్‌ను రంగు కింద దాచకుండా జవాబు చెప్పవలసిన ప్రశ్న అది. కొనేముందు తమ మెకానిక్‌ను వెంట తీసుకువెళ్ళడం, చల్లని ఇంజన్‌ను తమ ఎదుటే స్టార్టు చేయించుకోవడం సిగ్గుపడవలసిన పనులు కావు.

ఆళ్ళగడ్డ చేరేసరికి ఎండ ముదిరింది. ఊరిలో అడుగడుగునా ఉలి చప్పుడు. ఆళ్ళగడ్డ శిల్పులకు దేశమంతటా పేరుంది. వారు చెక్కిన విగ్రహాలు, స్తంభాలు దూర ప్రాంతాలకు వెళతాయి. నెలల తరబడి చెక్కిన రాతికి ఒక్క కుదుపు చాలు, వేలి కొన విరిగితే మొత్తం శ్రమ వృథా. గడ్డి పరచి, గోనెలు చుట్టి, తాళ్ళు బిగించి ఎక్కించిన రాయిని తీసుకువెళ్ళే డ్రైవరును శిల్పి తానే ఎంచుకుంటాడు. వేగం తెలిసినవాడి కన్నా గుంత తెలిసినవాడు అతనికి కావాలి. ఖాళీగా వెళ్ళేటప్పుడు ఎముకలు కదిలించే ఆ కమాన్లు, బరువు పడ్డాక మెత్తబడతాయి. ఈ గుణాన్ని లోపంగా చూసేవారు సరుకు ఎక్కించిన బండిలో ఎన్నడూ కూర్చోనివారే.

ఆళ్ళగడ్డకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో నల్లమల అంచున అహోబిలం ఉంది. అక్కడి అడవి లోపల ఉన్న పావన నరసింహ ఆలయానికి యాత్రికులను జీపుల్లో తీసుకువెళతారు. దారి అనడానికి అక్కడ ఉన్నది బండరాళ్ళు, వాగులు, చెట్ల వేర్లు. అడవి అంచున నిలబడి, తిరిగివస్తున్న ఒక జీపును చూశాను. ఒక చక్రం గాలిలో, మరొకటి గుంతలో, లోపల జనం ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. ఇంజన్ మాత్రం తొందరపడకుండా మొదటి గేరులో గొణుగుతూ పైకెక్కింది. నునుపైన కొత్త కార్లు అహోబిలం దాకా వచ్చి, ఆ జీపుల పక్కన వరుసగా ఆగి, తమవారు తిరిగివచ్చే దాకా నిరీక్షిస్తున్నాయి.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన రాయలసీమవారికి ఇదంతా కొత్త కాదు. కువైట్‌లో పికప్‌ను 'వనీత్' అంటారు. 1968లో పుట్టిన టొయోటా హైలక్స్ అక్కడి ఇసుకలో ఎలా తిరుగుతుందో వారు కళ్ళారా చూశారు. 1987లో ఆఫ్రికాలోని చాద్ సైనికులు అటువంటి పికప్‌లపై వెళ్ళి లిబియా ట్యాంకులను ఓడించడంతో, ఆ పోరుకు 'టొయోటా యుద్ధం' అన్న పేరే మిగిలింది. యుద్ధానికి పనికివచ్చిన గుణమే నీళ్ళ డ్రమ్ములు మోయడానికీ పనికివస్తుంది. నాకు రెండవదే గొప్పగా తోస్తుంది.

అయితే పాత బండిని నెత్తిన పెట్టుకోవడం తగదు. దాని పొగ ఇంటి ముందు ఆడుకునే పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఈ కారణంగానే 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు బీఎస్-6 నిబంధన వచ్చింది, అది అవసరమైన మార్పే. ఇంజన్ మొండిగా తిరుగుతున్నంత మాత్రాన బ్రేకులూ అలాగే ఉన్నాయనుకోవడం ప్రమాదం. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటేటా ఎఫ్.సి. తప్పనిసరి కావడం వెనుక ఉన్న భయం అదే. 15 ఏళ్ళు దాటినవాటికి 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము బాగా పెరిగిందని యజమానులు మొరపెట్టుకుంటారు. వారి బాధ నిజమే. కానీ ఒక విషయంలో వారితో నేను ఏకీభవించలేను. సరుకు బండిలో కూలీలను, పెళ్ళివారిని, పిల్లాపాపలతో నిలబెట్టి తీసుకువెళ్ళడం ఈ రోడ్లపై మామూలైపోయింది. 'ఇరవై ఏళ్ళుగా ఏమీ కాలేదు' అన్నది జవాబు కాదు. ఆ బాడీలో పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉండదు. ఎంత నమ్మకమైన బండి అయినా అది బస్తాల కోసం చేసినది.

కొత్త బండ్లలో డీజిల్‌ను వేయి రెట్ల వాతావరణ పీడనానికి మించి నొక్కి, ఎప్పుడు ఎంత వదలాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. పొగ తగ్గింది, బలం పెరిగింది. ఒక సెన్సారు పాడైతే మాత్రం స్కానర్ తగిలించేదాకా ఉస్తాద్ చెవి నిరుపయోగం. షెడ్డుల్లో శాగిర్డుల సంఖ్య తగ్గడానికి ఇదొక కారణం. చేతులకు నల్లని గ్రీజు అంటే ఈ పనికి పిల్లను ఇచ్చేవారు లేరన్నది మరొకటి. పాత పంపును విప్పి, శుభ్రం చేసి, సరిగ్గా అమర్చగల చేతులు నంద్యాలలో ఇంకా ఉన్నాయి. వాటిలో చాలా వాటికి అరవై దాటింది. అవి ఆగిన రోజున, ఛాసిస్ ఎంత గట్టిదైనా ఆ బండ్లు ఇనుప సామాన్ల దుకాణానికే చేరతాయి.

ఆళ్ళగడ్డలో అస్ర్ తరువాత నేను కూర్చున్న షెడ్డులో శాగిర్డు ఒక్కడే. పంతొమ్మిదేళ్ళవాడు, మేస్త్రీ చెల్లెలి కొడుకు. పగలు ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సుకు వెళతాడు. అక్కడ స్కానర్ తెర చదవడం నేర్పుతున్నారట. సాయంత్రం ఇక్కడికి వచ్చి 'ఏపీ 21' జీపు కింద పడుకుని గేర్‌బాక్సు దించుతాడు. "మామూ, పదిహేడు పానా" అని కింద నుంచి కేక వేశాడు. ఉస్తాద్ లేచి, కళ్ళద్దాలు సవరించుకుని, పెట్టెలో వెతకకుండానే చేయి పెట్టి తీసి అందించాడు.