దేవుడితో పేచీ పెట్టుకున్న పాటలు

రండి, కుంపటి పక్కకు జరిగి కూర్చోండి. జనవరిలో జగదల్‌పూర్ చలి ఎలా ఉంటుందో విశాఖవాళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు. కిరండూల్ పాసింజరు దిగి పళ్లు టకటకలాడితే గానీ నమ్మరు. టీ మరుగుతోంది. ఈలోగా కాసేపు పాటల సంగతి మాట్లాడుకుందాం. సంక్రాంతి పాటలు కావులెండి. కష్టంలో ఉన్న క్రైస్తవులు దేవుణ్ణి తలుచుకుని కట్టుకున్న పాటలు.

ఈ ఊరికి ఆ మతం వచ్చిన దారి కూడా సగం మన తెలుగు దారే. మెథడిస్టు మిషనరీ సి.బి. వార్డు దొర బస్తరులో అడుగుపెట్టక ముందు నైజాం రాజ్యంలోని ఇల్లెందు వైపు తెలుగువాళ్ల మధ్యే పనిచేశాడు. 19వ శతాబ్దం చివర ఆయన మొదలుపెట్టిన పని వల్లే ఇక్కడ ఎర్రటి గుడి ఒకటి వెలిసింది. ఊరంతా దాన్ని లాల్ చర్చ్ అంటారు. అసలు పేరు చందయ్య మెమోరియల్ చర్చి. బస్తరు నడిబొడ్డున చందయ్య! ఇంద్రావతి ఒడ్డున కూర్చున్నా గోదావరి ఎంతో దూరం లేదని ఆ పేరు వింటేనే తెలుస్తుంది. నిజంగానే దూరం లేదు. 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని సుక్మా, కుంట దాటితే భద్రాచలమే.

భద్రాచలం పేరు ఊరికే ఎత్తలేదు. కష్టంలో దేవుడితో ఎలా మాట్లాడాలో తెలుగువాడికి నేర్పింది ఆ ఊరి రామదాసే కదా. కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో పడి ఏం చేశాడు? అంతా నీ దయ అని చేతులు కట్టుకుని కూర్చున్నాడా? లేదు. ఏ నగకు ఎంత ఖర్చయిందో లెక్క అప్పజెప్పాడు, ఎవడబ్బ సొమ్మని నిలదీశాడు, ఆనక దెబ్బలకు తాళలేక అన్నానయ్యా అని తనే సర్ది చెప్పుకున్నాడు. మూడొందల ఏళ్లు దాటినా ఆయన్ని భక్తి లేనివాడని ఒక్క తెలుగువాడు అనలేదు. పైగా భక్తుడంటే అలా ఉండాలన్నారు.

ఇప్పుడు పురుషోత్తమ చౌధరి దగ్గరకు రండి. 1803లో పుట్టి 1890 దాకా బతికిన మనిషి. ఒడియా ఇంటివాడు, తెలుగులో కవి. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ యువకుడు ఆ పని చేస్తే ఇల్లు, వాకిలి, బంధుబలగం ఏమవుతాయో నేను చెప్పాలా? అంత పోగొట్టుకున్నవాడు వందకు పైగా కీర్తనలు రాశాడు. దొరల బాణీలకు తెలుగు మాటలు అతికించే పని పెట్టుకోలేదు. పల్లవి, అనుపల్లవి, చరణాలు, రాగం, తాళం అన్నీ మన కచేరీ పద్ధతే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇంట్లో ఉంటే ఒకసారి తెరిచి చూడండి. పాట నెత్తిన రాగం పేరు, పక్కనే తాళం, అడుగున కవి పేరు. మూలలు మడతపడి, కొబ్బరినూనె చేతుల మరకలంటి ఉంటుంది. క్రీస్తు శ్రమల పాటలున్న చోట పుస్తకం దానంతటదే తెరుచుకుంటుంది. ఏళ్ల తరబడి శ్రమ దినాల్లో అక్కడే తెరిచి పాడారు మరి.

చౌధరి పాటల్లో నాకు నచ్చేది ఆ దీనత్వం. నన్ను కాపాడు, నాకు దిక్కెవరు, ఇంకెంత కాలం అని అడుగుతాడు. అడిగిన వెంటనే జవాబు వచ్చేసిందని బుకాయించడు.

ఈ బుకాయింపే నా ఫిర్యాదు. ఈమధ్య వస్తున్న ఆదరణ పాటలు కొన్ని విన్నారా? మొదటి చరణంలో కన్నీరు, రెండో చరణానికి తుడిచేశారు, మూడో చరణంలో డప్పులు! ముప్పై ఏళ్ల కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందు కీబోర్డు మోగించి ఆ మూడో చరణం పాడుతుంటే, పాపం ఆవిడ చప్పట్లు కొట్టాలా వద్దా అని చూస్తుంది. విశ్వాసం తక్కువైందేమోనని చుట్టూ ఉన్నవాళ్లు ఆవిడ ముఖం చూస్తారు. ఇంతకంటే అన్యాయం ఉందా?

బైబిల్ చూస్తే అలా లేదండీ. 150 కీర్తనల్లో మూడో వంతు దాకా మొరలే. 88వ కీర్తన మరీ విచిత్రం. చీకటిలో మొదలై చీకటిలోనే ఆగిపోతుంది. చివర ఒక స్తోత్రమైనా తగిలిద్దామని ఏ లేఖకుడూ చెయ్యి పెట్టలేదు. సర్వం పోగొట్టుకున్న యోబు కథ సరేసరి. స్నేహితులు వచ్చి ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. ఎనిమిదో రోజు నుంచి దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. యోబేమో దేవుణ్ణే బోనెక్కించాడు. 42 అధ్యాయాలయ్యాక దేవుడు ఎవర్ని కోప్పడ్డాడు? పేచీ పెట్టినవాణ్ణి కాదు, తనను వెనకేసుకొచ్చిన ముగ్గురినీ! నా సేవకుడు యోబు మాట్లాడినట్టు మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదన్నాడు.

ప్రసంగాల్లో స్పాఫర్డు కథ మీరు విని ఉంటారు. 1873లో ఓడ మునిగి ఆయన నలుగురు ఆడపిల్లలు పోయారు, అయినా అంతా క్షేమమని పాట రాశాడు. పాట గొప్పదే. కానీ నా ఓటు విలియం కౌపరుకు. దేవుడి దారులు మనకు అంతుపట్టవు, అయినా భయపడకండని ఒక పాటలో లోకానికంతా ధైర్యం చెప్పిన ఇంగ్లీషు కవి. ఆ పాట రాసిన రోజుల్లోనే, అంటే 1773లో, మనసు చెదిరి, దేవుడు తనను వెలివేశాడని నమ్మాడు. 1800లో పోయేదాకా మళ్లీ గుడి గడప తొక్కలేదు. తనకు పనికిరాని మందు ఊరికి పంచిన మనిషి. రెండున్నర శతాబ్దాలుగా ఎంతమందికి ఆ మందు పనిచేసిందో! రాసినవాడి విశ్వాసం ఎంత గట్టిదని కొలిచి కవితకు మార్కులు వేసేవాళ్లు కౌపరును ఎక్కడ కూర్చోబెడతారో నాకు అంతుపట్టదు.

మనకు జాషువా ఉన్నాడనుకోండి. ఆయన క్రీస్తు చరిత్ర కావ్యానికి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. కానీ ఆయన మొర వినాలంటే అంతకు రెండు దశాబ్దాల ముందటి గబ్బిలం చదవాలి. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పి పంపుతాడు. క్రైస్తవుడై ఉండి శివుడికి కబురేమిటని అడిగేవాళ్లకు దణ్ణం. ఆకలి, అంటు అనే రెండు ముక్కలు ఏ దేవుడి చెవినైనా వెయ్యాల్సిందే.

టీ చల్లారుతోంది, తాగండి. అసలు ఈ కబుర్లన్నీ ఎందుకొచ్చాయంటే, 2025 జనవరి. దర్భా వైపు పల్లెలో ఒక పాస్టరుగారు 7వ తారీఖున పోయారు. క్రైస్తవుణ్ణి ఊళ్లో పాతిపెట్టనివ్వం అని ఊరివాళ్లు అడ్డుపడ్డారు. దేహం మా జగదల్‌పూర్ ఆస్పత్రి శవాగారంలో ఉండిపోయింది. కొడుకు హైకోర్టుకెళ్లాడు, కాదన్నారు. సుప్రీంకోర్టుకెళ్లాడు. 27వ తారీఖున ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. సొంత పొలంలో పాతిపెట్టుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న, క్రైస్తవులకు కేటాయించిన చోటనే జరగాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ. దేహం అప్పటికే ఇరవై రోజులుగా ఎదురుచూస్తోంది గనక, ఇక జాప్యం వద్దని కర్కాపాల్ శ్మశానంలో చేయమని ఇద్దరూ కలిసి ఆదేశమిచ్చారు. సొంత ఊరికి అది ఇరవై కిలోమీటర్ల పైమాటే.

ఇందులో ఎవరి వాదన ఎంత అన్నది కోర్టుల పని. నా మనసు ఆ ఇరవై రోజుల చుట్టూ తిరుగుతోంది. తండ్రి మంచుగదిలో ఉండగా రోజూ రాత్రి ఆ ఇంట్లో ప్రార్థన జరిగే ఉంటుంది కదా. ఏం పాడి ఉంటారు? డప్పుల మూడో చరణమైతే కాదు. ఇక్కడి కూడికల్లో హిందీ, హల్బీ పాటలు వినిపిస్తాయి. రామదాసు భద్రాచలం ఇటువైపు రోడ్డు చివరే ఉంది, చౌధరి గంజాం సీమ అటువైపు కొండలు దాటితే ఉంది. ఆ రెండింటి నడుమ కూర్చున్న మనం ఆ ఇరవై రోజుల మీద ఒక తెలుగు కీర్తన కట్టలేమా?

మీలో రాసే చెయ్యి ఉన్నవాళ్లు పూనుకోండి. ఆదరణ తొందరపడి చెప్పకండి. ఇంకెంత కాలమని అడగాల్సి వస్తే అడగండి, జవాబు రాకపోతే రాలేదనే రాయండి. పైన రాగం, తాళం వేయడం మాత్రం మరవకండి. పాడుకోవడానికి మేమున్నాం.