పిలిస్తే వచ్చే నక్క

పిలిస్తే పలికే దేవుళ్ళ సంగతి పురాణాల్లో వింటూంటాం గాని, పిలిస్తే వచ్చే నక్కల సంగతి మీరెప్పుడైనా విన్నారా? మనకు తెలిసిన నక్కలు రెండే. ఒకటి ద్రాక్షపళ్ళు పుల్లన అన్నది. రెండోది ఏ అదృష్టవంతుడో తోక తొక్కి వచ్చినది. మూడో నక్క కూడా వుంది. అది పొలాల్లో ఎలుకల్నీ, పీతల్నీ, రాలిన రేగుపళ్ళనూ తిని బతుకుతుంది. పొద్దుగూకగానే ఊళ వేస్తుంది. ఆ ఊళనే అచ్చంగా నోటితో వేసి దాన్ని రప్పించే మనుషుల్ని నా చిన్నతనంలో చూశాను.

మాది కోదాడ దగ్గర అనంతగిరి. 2016 నుంచీ సూర్యాపేట జిల్లా, అప్పుడు నల్లగొండ. సాగర్ కాలువలకు 1967లో నీళ్ళు వదిలారు. అంతకు ముందు మాకు జొన్న, కంది, చెరువు కింద కాస్త వరి, దోసతోట. నక్కల నోటికి ఎంత రుచి తెలుసనుకున్నారు! వంద కాయల్లో పండినదాన్నే ఏరుకుని తినేవి. సందు దొరికితే మేకపిల్లల్నీ వదిలేవి కావు.

ఏటా సంక్రాంతి వెళ్ళాక చెరువుకట్ట అవతల గుడిసెలు వెలిసేవి. వాళ్ళను మావాళ్ళు నక్కలోళ్ళు అనేవారు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొర గ్రంథంలోనూ తెలుగువాళ్ళు వీళ్ళను నక్కలవాండ్లంటారనీ, అరవవాళ్ళు కురువిక్కారన్, అంటే పిట్టలు పట్టేవాడు, అంటారనీ వుంది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునే వాగ్రీ గుజరాతీకి దగ్గరి భాష. మనతో మాత్రం తెలుగే.

మా నాన్న కబురు చేస్తే ఒక ముసలాయన వచ్చాడు. తోట గట్టు వెంట కర్రలు పాతి వల కట్టాడు. కుక్కల్ని దూరంగా కట్టేయించాడు. పిడికెడు దుమ్ము జారవిడిచి గాలివాటం చూశాడు. మనిషి వాసన అందిందా, ఎంత బాగా పిలిచినా నక్క రాదట. చీకటి పడ్డాక తుమ్మచెట్టు వెనక గొంతుక్కూచుని, అరచేతులు నోటికి దొప్పలా పట్టి ఊళ తీశాడు. మొదట ఒక్క గొంతు, సన్నగా, దీర్ఘంగా. ఆపైన రెండు, మూడు. కళ్ళు మూసుకుంటే అక్కడ నక్కల గుంపే వుందనిపించింది. నాకు ఒళ్ళు జలదరించింది. కొంతసేపటికి అవతలి గుట్టమీదనుంచి జవాబు వచ్చింది. ఆయన వెంటనే పలకలేదు. తొందరపడితే అనుమానిస్తుందన్నమాట. ఆ రాత్రి వలలో రెండు పడ్డాయి.

అసలు ఎందుకు వస్తుందని మర్నాడు అడిగాను.

"అది నాకోసం రాదు చిన్నపటేలా. పరాయిదొచ్చిందనుకుంటే తరమనీకొస్తది. తనోళ్ళనుకుంటే కలవనీకొస్తది" అన్నాడు.

శాస్త్రజ్ఞులు చెప్పేదీ యించుమించు యిదే. నక్కలు ఆలుమగలుగా కాపరం చేస్తాయి. కిందటేడు పుట్టినవాటిలో కొన్ని తల్లిదగ్గరే వుండి తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ సాకుతాయి. ఊళ వాటికి ఒకరి జాడ ఒకరికి తెలిపే కబురు, యిది మా హద్దు అని చాటే దండోరా కూడాను.

మా నాయనమ్మకు యిది నచ్చలేదు. "ఏమయ్యా, దాని బిడ్డల గొంతుతో దాన్నే పిలిచి సంపుతవా? పాపం గాదూ?" అంది.

"నువ్వు గింజలు సల్లి కోళ్ళను పిలుస్తవు గదమ్మా. పండక్కి కోసేది ఆ పిలుపుకొచ్చినదాన్నే గదా?" అన్నాడు ముసలాయన.

నాయనమ్మ మళ్ళీ మాట్లాడలేదు. చేటెడు జొన్నలు తెచ్చి అతని జోలెలో పోసింది.

అదే వారంలో ఒకరింట్లో కోడిపెట్ట కనబడకుండా పోయింది. ఇంకేముంది, వూరి పెద్దలు గుడిసెలు పీకించారు. మూడు వారాలకు ఆ పెట్ట గడ్డివాము వెనకనుంచి పదిపిల్లల్ని వెంటేసుకుని వచ్చింది! అప్పటికి వాళ్ళు ఏ వూళ్ళో వున్నారో! పనిబడితే పిలవడం, తీరితే తరమడం: నక్కలకంటే జిత్తులమారులం మనమే కాదూ?

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు నక్కను వేటాడటం నేరం. అదృష్టం తెచ్చే "నక్క కొమ్ము" అంటూ దాని పుర్రెముక్క అమ్మినా నేరమే, నక్కకు కొమ్ములేమిటండీ! చట్టం మంచిదే. ఎలుకల్ని తినే జంతువు రైతుకు చుట్టమే గదా. కాని వేట పోయిన కుటుంబాలకు పూసలూ పిన్నీసులూ మిగిలాయి. మన రాష్ట్రపు షెడ్యూల్డు తెగల జాబితాలో నక్కల, కుర్వికారన్ అనే పేర్లు చేర్చిన చట్టం 2003లో గాని రాలేదు.

పిలిచే విద్య మాత్రం లోకంలో అంతరించలేదు సుమండీ. అమెరికాలో వేటగాళ్ళు కొయొటీలను నేటికీ గాయపడిన కుందేలు కూతతో రప్పిస్తారు. ఐరోపాలోనో, శాస్త్రజ్ఞులు రాత్రిపూట లౌడుస్పీకరులో నక్క ఊళ వినిపించి, ఎన్నిచోట్లనుంచి జవాబులొస్తాయో రాసుకుంటారు. హంగరీలో, సెర్బియాలో, గ్రీసులో నక్కల్ని అలాగే లెక్కపెట్టారు. వల లేదు, కర్ర లేదు, పిలుపు ఒక్కటే.

మా పక్క పొలాల్లో నక్కల్ని లెక్కపెట్టే రోజు వస్తే, లౌడుస్పీకరు కొనేముందు ఆ కుటుంబాల్లో ఊళ తెలిసిన పెద్దవాళ్ళెవరైనా వున్నారేమో కనుక్కోమని అధికారులకు నా మనవి. ఈసారి పిలిచాక, కూలితోపాటు కుర్చీ కూడా వెయ్యాలి.