రాతిలో దారులు

మాది తిరుత్తణి. మా పాత ఇంటి వంటగదిలో కడప బండలు పరచి ఉండేవి. చిన్నతనంలో ఒకనాడు నా చేయి తగిలి నువ్వుల నూనె గిన్నె ఒలికింది. అవ్వ శీకాయ పొడి చల్లి ఎంత తోమినా మరక పోలేదు.

“అవ్వా, రాయి నూనె తాగుతుందా?” అని అడిగాను.

“తాగుతుంది నాయనా! దానికీ నోళ్ళుంటాయి. మన కంటికి కనబడవు, అంతే” అన్నది.

ఆ మాట నిజమని చాలా ఏళ్ళకు తెలిసింది. అప్పటికి నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఒకరోజు పద్యం అప్పజెప్పలేని పిల్లవాణ్ణి అందరి ఎదుట “రాతిబుర్ర” అన్నాను. ఆ సాయంకాలం సైన్సు మాస్టారు, “రాయిని అంత తక్కువగా అంచనా వేయకండి” అని నవ్వుతూ ఈ సంగతి వివరించారు.

కడప బండ సున్నపురాయి. కార్బొనేట్ శిలల జాతికి చెందినది. ఇటువంటి రాళ్ళలో నానోమీటర్లలో కొలిచే రంధ్రాలుంటాయి. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఆ రంధ్రాలను తెలుసుకోవడానికి న్యూట్రాన్లు తోడ్పడతాయి. 1932లో చాడ్విక్ కనుగొన్న ఈ కణాలకు విద్యుదావేశం లేదు. అందుచేత అవి రాతిలోకి సులభంగా చొచ్చుకొనిపోతాయి. రంధ్రాలున్నచోట కొన్ని కొద్దిగా పక్కకు చెదరుతాయి. చెదరిన కోణాన్ని బట్టి రంధ్రాల పరిమాణం లెక్కకడతారు. 1985లో ట్రాంబేలో పని ప్రారంభించిన ధ్రువ రియాక్టరు వద్ద మన శాస్త్రవేత్తలు ఈ పద్ధతిలో శిలలను పరిశీలించారు.

ఇందులో ఒక చమత్కారం ఉన్నది. సుమారు మూడు పాళ్ళు భారజలం, ఒక పాలు మామూలు నీరు కలిపి సున్నపురాతికి పట్టిస్తారు. ఆ మిశ్రమానికీ రాతికీ న్యూట్రాన్ల దృష్టిలో భేదం ఉండదు. కాబట్టి నీరు చేరిన రంధ్రాలు మరుగవుతాయి. దారి మూసుకొనిపోయి నీరు చేరని రంధ్రాలు మాత్రమే బయటపడతాయి. చమురు వెలికితీసేవారికి ఈ భేదం ముఖ్యం. దారి ఉన్న రంధ్రాల నుండే చమురు పైకి వస్తుంది. 1974లో కనుగొన్న బొంబాయి హై చమురు కూడా ప్రధానంగా సముద్రం అడుగున సున్నపురాతి పొరలలోనే దొరికింది.

మర్నాడు ఆ పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొన్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడడమే గాని, వాడికి ఒత్తక్షరాలు చదవడం సరిగా రాదని తెలిసింది. పదాలు విడదీసి, అర్థం చెప్పి చదివించాను. వారం తిరిగేసరికి పద్యం తప్పులేకుండా అప్పజెప్పాడు.

లోపలికి దారి దొరకకపోవడం వేరు, లోపల చోటు లేకపోవడం వేరు. నాటినుండి నేను ఏ పిల్లవాణ్ణీ ఆ మాట అనలేదు.